నైట్ డ్యూటీ చేసి వచ్చాక ఏం చదువుతారు?

ఐసీయూలో నర్సుని. ఉదయం ఇంటికొచ్చి స్నానం చేసి పడుకున్నా, చెవిలో మానిటర్ కూత ఆగదు. ఫోన్ పట్టుకుంటే నిద్ర ఇంకా పోతోంది. ఇదివరకు డిటెక్టివ్ నవలలంటే పిచ్చి. ఇప్పుడు మొదటి పేజీలోనే శవం కనబడితే పుస్తకం మూసేస్తున్నా, ఆ పని డ్యూటీలో చాలు! ఏదైనా చెప్పండి.

— అమ్మా, బారిష్టర్ పార్వతీశం మొదలుపెట్టు. మొగల్తూరు కుర్రాడు ఇంగ్లండు బయల్దేరతాడు. 1924లో వచ్చిన పుస్తకం, ఇప్పటికీ నవ్వొస్తుంది. మా ఆవిడ ఆపరేషన్ అప్పుడు వార్డు బయట బెంచీ మీద చదివాను. పక్కాయన ‘ఏంటండీ నవ్వుతున్నారు’ అని కాస్త కోపంగానే చూశాడు.

— నవల వద్దు మేడమ్, సగంలో నిద్రొస్తే మళ్లీ వెనక్కి తిప్పుకోవాలి. శంకరమంచి ‘అమరావతి కథలు’ తీసుకోండి. నూరు కథలు, చాలావరకు చిన్నవే. కృష్ణ ఒడ్డు, గుడి, బాపు బొమ్మలు. రోజుకొకటి చాలు.

— నా ఓటు ‘కాలాతీత వ్యక్తులు’కి. రాసిన శ్రీదేవి గారూ డాక్టరే. హాయిగా ఉండదు, ముందే చెబుతున్నా. అందులో నాయిక ఇందిర మీద కోపం వస్తుంది, తర్వాత ఆమె పక్షాన మనమే వాదిస్తాం. సెలవు రోజుకి ఉంచుకోండి.

— అందరికీ థాంక్స్. బాబాయ్‌గారూ, పార్వతీశం మా నాన్న బీరువాలోనే దొరికింది, అట్ట లేదు. ఇందిరను వీక్లీ ఆఫ్‌కి పెట్టుకున్నా.