మూతకు ఉండేది దారమా, మరా, పురియా?

ప్రశ్న:
సభ్యులకు నమస్కారం. నేను పనిచేసే చోట శీతల పానీయాల సీసాలకు వాడే ప్లాస్టిక్ మూతలూ, ఊది సీసా చేయడానికి ముందు ఉండే ప్రీఫారమ్‌లూ ఇంజెక్షన్ మోల్డింగ్ పద్ధతిలో, అంటే కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి నెట్టి, తయారవుతాయి. ఇంగ్లీషులో ఉన్న తనిఖీ పత్రాన్ని యంత్రానువాదంతో తెలుగు చేయించగా, "మూతల దారాలను గేజితో (కొలత సరిచూసే పనిముట్టుతో) పరిశీలించండి" అని వచ్చింది. ఇంగ్లీషులో దారాన్నీ, మూతను తిప్పి బిగించడానికి ఉండే మెలి గట్టునూ ‘థ్రెడ్’ అనే అంటారు. కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఆ పత్రం పట్టుకుని వచ్చి, మూతకు దారం ఎక్కడుందని అడిగింది. ఆమె అడిగినదానిలో తప్పేమీ లేదు. ఇప్పుడు ‘థ్రెడ్’ అనే ఉంచాలా, ‘మర’ అనాలా? హిందీ వచ్చిన మెకానిక్కులు ‘చూడీ’ అంటారు. పెద్దల సలహా కోరుతున్నాను.

సమాధానం:
‘మర’ అనండి. అది కొత్తగా కల్పించవలసిన మాట కాదు. ఒకప్పుడు రైలు ప్రయాణాలకు నీళ్లు పట్టుకెళ్లిన ఇత్తడి చెంబుకు, మూత తిప్పి బిగించే వీలుండడం వల్లనే మరచెంబు అని పేరు వచ్చింది. తిప్పుతూ దించే మేకు మరమేకు అయింది. పిండిమర, మరమగ్గం వంటి చోట్ల ఇదే మాటకు యంత్రమనే అర్థం ఉన్నమాట నిజమే గాని, మూత చేతికిచ్చి మర చూడమంటే ఎవరూ పిండిమర వైపు చూడరు. ‘చూడీ’ అంటే గాజు. చుట్టూ వరుసగా కనిపించే గట్లను గాజులతో పోల్చడం ముచ్చటగానే ఉంది, అయితే గాజులు దేనికది విడిగా ఉంటాయి, మర మాత్రం మొదలు నుంచి చివరి దాకా మెలిదిరిగిన ఒకే గట్టు.

భాగాలకు కూడా పొలం మాటలే సరిపోతాయి: పైకి లేచింది గట్టు, గట్ల నడుమ లోతు గాడి, ఒక గట్టు నుంచి పక్క గట్టుకు ఉన్న దూరం ఎడం. ఈ ఎడాన్ని పిచ్ అని రాసినా నాకు అభ్యంతరం లేదు, రాయకపోతేనే చిక్కు. 28 మి.మీ. అనే ఒకే పేరుతో చెలామణీ అయ్యే సీసా మెడల్లో పీసీఓ 1810 అనే ప్రామాణిక రకానికి ఎడం సుమారు 3.18 మి.మీ., మెడ ఎత్తు 21 మి.మీ.; దాని తరువాత వచ్చిన పీసీఓ 1881 రకానికి ఎడం 2.7 మి.మీ., ఎత్తు 17 మి.మీ. "28 మూత" అని మాత్రమే రాసి ఊరుకుంటే ఒకదాని మూత మరొకదాని పెట్టెలో పడుతుంది.

అయితే నామవాచకం కన్నా మీరు క్రియల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలని నా అభిప్రాయం. మర ఎలా ఉన్నా మనవాళ్లు "మర పోయింది" అనే ఒక్క మాటతో సరిపెడతారు. వాడి వాడి అరిగిన మరకు అది చెల్లుతుంది గాని, అప్పుడే అచ్చులోంచి బయటపడిన మరకు చెల్లదు, ఎందుకంటే అక్కడ ఒక్కొక్క లోపానికి ఒక్కొక్క కారణం ఉంటుంది. కరిగిన ప్లాస్టిక్ గాడి చివరి దాకా చేరకపోయినా, లోపల చిక్కిన గాలి దారి ఇవ్వకపోయినా మర నిండదు. మూతను తిప్పి తీయకుండా నెట్టి ఊడదీసే అచ్చుల్లో, ఇంకా మెత్తగా ఉన్న గట్టు అచ్చుకు ఒరుసుకుని సాగుతుంది, లేదా చిరుగుతుంది. చల్లారకముందే బయటపడిన మూత తరువాత ఎక్కువగా ముడుచుకుని బిగుసుకుంటుంది. ప్రీఫారమ్ మెడ భాగాన్ని మలిచే రెండు అచ్చు ముక్కలు సరిగా కలవకపోతే, కలిసే గీత దగ్గర మెట్టు ఏర్పడి మర తప్పుతుంది. నిండలేదు, సాగింది, చిరిగింది, బిగిసింది, తప్పింది అని వేరువేరుగా రాస్తే, పత్రం చదివిన అచ్చు మిస్త్రీకి ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలుస్తుంది.

మరొక సభ్యుని మాట:
‘పురి’ అనే మాటను ఎందుకు వదలాలి? తాడుకు పురి ఉంటుంది, పురి ఎక్కించడం, విప్పడం కూడా తిప్పడమే కదా.

సమాధానం:
పురి తాడు ఒళ్లంతా ఉంటుంది. విప్పితే తాడే మిగలదు. మర వస్తువు ఒంటి మీద ఉంటుంది. మూత విప్పినా మర అక్కడే ఉంటుంది కనుక, పురి ఇక్కడ పొసగదు.

గేజి సంగతి కూడా ఒక మాట చెప్పాలి. ఇనుప మరను చూసినట్టు ప్లాస్టిక్ మరను చూడకూడదు. బలంగా తిప్పితే ప్లాస్టిక్ లొంగి గేజికి దారి ఇస్తుంది, తప్పు మర కూడా సరైనదిగా కనిపిస్తుంది. "గేజిని వేళ్ల కొసలతో తిప్పండి, అది తానుగా ఎక్కాలి" అని పత్రంలో రాయించండి. ‘ఎక్కించాలి’ అని రాస్తే ఆ ఒక్క ప్రత్యయమే బలప్రయోగానికి అనుమతి ఇచ్చినట్టవుతుంది. అచ్చులోంచి వచ్చిన వేడి మూతను కొలవడం కూడా వృథాయే, ముడుచుకోవడం అప్పటికి పూర్తి కాదు. 2 శాతం ముడుచుకునే ప్లాస్టిక్‌తో 2.7 మి.మీ. ఎడం రావాలంటే అచ్చులో దాన్ని దాదాపు 2.755 మి.మీ.గా చెక్కవలసి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. పత్రాన్ని ఇలా మార్చాను: "మూత చల్లారిన తరువాత మర చూడండి. గేజి తానుగా ఎక్కాలి. మర నిండిందా, సాగిందా, చిరిగిందా, బిగిసిందా, తప్పిందా, తెగిందా, గుర్తు పెట్టండి."

సమాధానం:
అంతా బాగుంది, చివరి మాట తప్ప. గ్యాసు పానీయాల సీసా మెడ మీద మర అక్కడక్కడ నిలువునా తెగి ఉండడం లోపం కాదు. మూత పూర్తిగా ఊడిపోకముందే లోపలి గ్యాసు బయటికి పోవడానికి కావాలనే ఆ ఖాళీలు వదులుతారు. మీ పత్రం చూసి తనిఖీ చేసేవారు మంచి ప్రీఫారమ్‌లన్నిటినీ పక్కన పెట్టేస్తారు. ‘తెగిందా’ తీసేసి, "మరలోని ఖాళీలు డ్రాయింగులో చూపిన చోటనే ఉన్నాయా?" అని రాయండి.