విమానాశ్రయం గేటు దాటారని కేసు: వార్త కోసం వెళ్లిన నాకూ నోటీసు వచ్చింది, ఏం చేయాలి?

ప్రశ్న (అనంతపురం నుంచి):
నమస్కారం. ఆరేళ్లుగా ఒక పత్రికకు కంట్రిబ్యూటర్‌గా రాస్తున్నాను. గత నెలలో ఒక విమానాశ్రయం ముందు రైతులు భూపరిహారం కోసం ధర్నా చేశారు. మొదట రోడ్డు పక్కనే కూర్చున్నారు. మధ్యాహ్నానికి కొందరు ఇనుప గొలుసు దాటి లోపలి రోడ్డులోకి వెళ్లారు. నేనూ ఫోనులో వీడియో తీస్తూ వాళ్ల వెనుక ఓ ఇరవై అడుగులు నడిచాను. టెర్మినల్ దాకా ఎవరూ వెళ్లలేదు. పోలీసులు అందరితో పాటు నన్నూ వ్యాను ఎక్కించి సాయంత్రం వదిలేశారు. ఇప్పుడు వాట్సాప్‌లో నోటీసు వచ్చింది. అందులో భారతీయ న్యాయ సంహిత 329(3), 189(2), 223 అని ఉంది. స్టేషన్‌కు వెళ్లాలా, వద్దా? ఇంట్లో అమ్మ అన్నం కూడా సరిగ్గా తినడం లేదు.

జవాబు (కర్నూలు, న్యాయవాది):
అమ్మా, ముందు మీ అమ్మగారికి ధైర్యం చెప్పండి. 329(3) అంటే నేరపూరితంగా ఒకరి స్థలంలోకి వెళ్లడం (ట్రెస్‌పాస్), 189(2) అంటే చట్టవిరుద్ధంగా గుమిగూడటం, 223 అంటే అధికారి ఇచ్చిన ఆజ్ఞను ఉల్లంఘించడం. ఈ మూడూ బెయిలు హక్కుగా దొరికే సెక్షన్లే. 329(3)కు గరిష్ఠ శిక్ష మూడు నెలల జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఎఫ్‌ఐఆర్‌లో 132 కూడా కలిపారేమో మాత్రం చూడండి. అది విధుల్లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగిపై దాడికి సంబంధించినది, బెయిలు కోసం కోర్టుకు వెళ్లాల్సి వస్తుంది.

ఇక అసలు సంగతి. ఒకరి స్థలంలో కాలు పెట్టినంత మాత్రాన ట్రెస్‌పాస్ నేరం కాదు. నేరం చేయాలనో, ఆ స్థలం ఎవరి స్వాధీనంలో ఉందో వారిని బెదిరించాలనో, అవమానించాలనో, ఇబ్బంది పెట్టాలనో ఉద్దేశం ఉండాలి. ఇబ్బంది కలుగుతుందని తెలిసి ఉండటం ఒక్కటే చాలదని, ఆ ఉద్దేశంతోనే వెళ్లి ఉండాలని సుప్రీంకోర్టు ఆరు దశాబ్దాల క్రితమే మాత్రి కేసులో చెప్పింది. మీరు వెళ్లింది వార్త కోసం. దాన్ని రుజువు చేసే కాగితం మీ దగ్గర ఉండాలి. ఆ రోజు డెస్కుకు పంపిన సందేశాలు, అచ్చయిన వార్త, పత్రిక ఇచ్చే లేఖ అన్నీ ఒకచోట పెట్టండి.

223 గురించి ఒక మాట. నిషేధాజ్ఞ ఇచ్చిన అధికారి గానీ, ఆయన పై అధికారి గానీ కోర్టుకు స్వయంగా రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి. పోలీసు ఛార్జిషీటు ఒక్కదాని మీద కోర్టు ఆ సెక్షన్‌ను విచారణకు తీసుకోకూడదు. కేసు నడిపే పద్ధతి చెప్పే చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, సెక్షన్ 215 చూడండి.

జవాబు (కడప, పదవీ విరమణ చేసిన పోలీసు):
వాట్సాప్ నోటీసు చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అయినా అదే సాకుగా ఇంట్లో కూర్చోవద్దమ్మా. మీ న్యాయవాదితో వెళ్లి చేతికి నోటీసు ఇమ్మని అడగండి, వెళ్లినట్టు రసీదు తీసుకోండి. అదే సురక్షా సంహిత 35(3) కింద ఇచ్చే హాజరు నోటీసు ప్రకారం హాజరవుతున్న మనిషిని అరెస్టు చేయాలంటే కారణం రాతలో చూపాలి. ఎఫ్‌ఐఆర్ నకలు పోలీసు వెబ్‌సైటులో ఉంటుంది. ఫోను అడిగితే పంచనామా (సాక్షుల ముందు రాసే స్వాధీన పత్రం) లేకుండా ఇవ్వకండి.

జవాబు (అనంతపురం, సీనియర్ విలేకరి):
చెల్లెమ్మా, మన గుర్తింపు కార్డు విమానాశ్రయంలోకి ప్రవేశపత్రం కాదు. పార్కింగ్, బయటి రోడ్డు ఒక ఎత్తు. తనిఖీ దాటిన తర్వాతి భాగం, రన్‌వే వైపు కంచె లోపలి భాగం మరో ఎత్తు. అక్కడ ప్రత్యేక అనుమతి లేనివారు ఎవరైనా ఒకటే, కేసు కూడా బరువుగా ఉంటుంది. నువ్వు ఎక్కడ ఆగావన్నదే ఇప్పుడు ముఖ్యం. లోపలికి రావద్దన్న బోర్డు ఏదైనా ఉందా?

ప్రశ్న అడిగినవారు:
అన్నా, వీడియో మళ్లీ చూశాను. మూడో నిమిషంలో బోర్డు కనిపిస్తోంది. తుమ్మ కొమ్మ అడ్డంగా ఉంది, 'నిషిద్ధ' అన్న మాట సగమే చదవగలిగాను. ఎస్‌ఐ గారు 'బయటకు రండి' అనగానే నేను వెనక్కి తిరగడం కూడా రికార్డయింది. బోర్డు ఉన్న ముక్క తీసేయమని ఒక మిత్రుడు అంటున్నాడు.

న్యాయవాది:
ఒక్క క్షణం కూడా కత్తిరించకండి! సాక్ష్యం మాయం చేయడం వేరే నేరం. పైగా చెప్పగానే వెనక్కి తిరిగారని నిరూపించేది ఆ వీడియోయే. తీసిన ఫోను అలాగే ఉంచండి, ఒక నకలు వేరే చోట దాచండి. కోర్టులో దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇవ్వాల్సిన ధ్రువపత్రం జతచేస్తాం.

రైతుల మాట కూడా మరచిపోకండి. వాళ్లలో చదువు రానివారికి నోటీసు వచ్చిందో లేదో కనుక్కోండి. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వాలి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.

ప్రశ్న అడిగినవారు:
వాళ్లలో నలుగురు అమ్మలు ఉన్నారు సార్. రేపు ఉదయం బస్సుకు వాళ్లను కూడా వెంటబెట్టుకుని జిల్లా కోర్టుకు వెళ్తున్నాను.