పిండ దశలోనే జన్యు పరీక్ష: తలసీమియా ఉన్న ఇంట్లో ఇది తగిన పనేనా?

ఖమ్మం తండ్రి:
మాది మేనరికం. మా బాబుకు తలసీమియా మేజర్, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని వంశపారంపర్య జబ్బు తీవ్రంగా ఉందని ఎనిమిదో నెలలో తెలిసింది. అప్పటినుంచి మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించడం, దానివల్ల ఒంట్లో పేరుకునే ఇనుమును తగ్గించడానికి మందులు వేయడం తప్పడం లేదు. మేమిద్దరమూ తలసీమియా మైనర్లమే, అంటే జబ్బు బయటపడకుండా దాని జన్యువును మోస్తున్నవాళ్లమే కనుక ప్రతి గర్భంలోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అందుకని ఐవీఎఫ్ చేయించుకుని, పిండాలను పరీక్షింపజేసి, మేజర్ లేని పిండాన్నే గర్భంలో పెట్టించుకోవాలనుకుంటున్నాము. "అంటే పెద్దవాడు పుట్టకపోయి ఉంటే బాగుండేదనా?" అని మా అత్తమ్మ అడిగింది. నాకు నోట మాట రాలేదు.

బెజవాడ పంతులమ్మ:
ఆవిడ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. తలసీమియాతోనే చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నవారున్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆ జబ్బుకు చోటు దొరికింది. ఒకవైపు హక్కులిస్తూ, మరోవైపు అలాంటివారు పుట్టకుండా ఏరివేయడం నాకు మింగుడుపడదు. పైగా స్కానింగ్ యంత్రం మన ఆడపిల్లల పాలిట ఏమైందో చూశాక, ఈ ఎంపిక జబ్బు దగ్గరే ఆగుతుందని నమ్మమంటారా?

హైదరాబాద్ ల్యాబ్ ఉద్యోగి:
ఆగాలని చట్టమైతే చెప్పింది. లింగ ఎంపికను నిషేధించిన 1994 చట్టాన్ని తరువాత గర్భధారణకు ముందు దశకూ విస్తరించారు. 2021లో వచ్చిన సంతాన సాఫల్య చికిత్సల చట్టం, తెలిసిన వంశపారంపర్య వ్యాధుల కోసమే పిండ పరీక్షను అనుమతించింది. అయితే జబ్బు ఎంత తీవ్రమైతే పరీక్ష తగునో అందులో లేదు. పంతులమ్మగారి అనుమానానికి అక్కడ చోటుందని ఒప్పుకుంటాను.

తండ్రిగారికి ఒక మాట. ఐదో రోజు పిండం పైపొర నుంచి, అంటే ముందుముందు మాయగా (ప్లాసెంటాగా) మారే భాగం నుంచి, కొద్ది కణాలను మాత్రమే తీస్తారు. ఫలితం అరుదుగా తప్పవచ్చు కాబట్టి, గర్భం నిలిచాక పదకొండో వారం దాటిన తరువాత మాయ ముక్కతో మళ్లీ పరీక్ష చేయించుకోమంటారు. గర్భస్రావం ప్రశ్న పూర్తిగా తప్పిపోతుందనుకుని లక్షలు పోయకండి. ఐవీఎఫ్ లేకుండా నేరుగా ఆ మాయ పరీక్షకే వెళ్లే జంటలూ ఉన్నారు. మనసు ఏ బరువును మోయగలదన్నదే అసలు లెక్క.

నా అసలు ఫిర్యాదు వేరు. పెళ్లికి ముందే హెచ్‌బీఏ2 అనే హిమోగ్లోబిన్ రకం ఎంతుందో చూసి మైనరో కాదో తేల్చే చిన్న రక్తపరీక్ష చేయించుకోవడం మనకు నామోషీ. సైప్రస్‌లో చర్చి పెళ్లికి ఆ ధ్రువపత్రం అడిగేది. అయినా ఇద్దరూ మైనర్లని తేలిన జంటలు చాలావరకు పెళ్లి మానుకోలేదు, తెలిసి జాగ్రత్తపడ్డారు.

ఖమ్మం తండ్రి:
మా ఆవిడ చెల్లెలిని మా తమ్ముడికే ఇవ్వాలని ఇంట్లో మాట్లాడుకుంటున్నారు. వచ్చే మంగళవారం బాబుకు రక్తం ఎక్కించే రోజు. వాళ్లిద్దరినీ కూడా పరీక్షకు వెంటబెట్టుకుని వెళతాను. ఈ మాట చెబితే అత్తమ్మ కాదనలేదు.