వచనం ఉన్న తాయెత్తు కట్టుకోవచ్చట, రాయకూడదట!

యూదుల ధర్మశాస్త్రం షుల్హాన్ అరూఖ్ (యోసెఫ్ కారో రచన, తొలి అచ్చు 1565, వెనిస్), యోరె దేయా అనే భాగం 179:12 భావం ఇది: తోరా (మోషే ఐదు గ్రంథాలు) వచనాలున్న తాయెత్తు ధరించవచ్చు. అయితే జబ్బు రాకుండా కాపుదలకే, వచ్చిన జబ్బు పోవడానికి కాదు. తాయెత్తులో వచనాలు రాయడం మాత్రం నిషిద్ధం. ఎవరూ రాయకపోతే కట్టుకునేదేమిటండీ? లాకెట్ల మీద వచనాలు చెక్కిస్తున్నారు కదా, అందుకే సందేహం.

↳ పొసగకపోవడమేం లేదండీ, అక్కడ రాయడానికో లెక్క, ధరించడానికో లెక్క. యూదు పండితుల చర్చల ప్రాచీన గ్రంథం తల్మూద్‌లో షబ్బాత్ 115బి చూడండి. సబ్బాతునాడు ఇల్లు అంటుకుంటే తోరా గ్రంథాలను బయటికి తేవచ్చు. దీవెనల చీటీలనూ తాయెత్తులనూ, వాటిలో దేవుని నామమున్నా సరే, తేకూడదు. అవి కాలిపోవలసిందే. కాబట్టి దీవెనలు రాసేవాడు తోరాను తగలబెట్టినవాడితో సమానమన్నారు. సీదోనులో ఒకడు అలా రాస్తున్నాడని తెలిసి రబ్బీ ఇష్మాయేలు చూడబోయాడు. ఆయన నిచ్చెన ఎక్కుతున్న అలికిడి విని వాడు చీటీల కట్టను నీళ్ల తొట్టిలో ముంచేశాడు. రాసినదానికంటే ముంచినదానికే శిక్ష పెద్దదన్నాడాయన! ఇక ధరించడం అంటారా, తోలు తొడుగున్న తాయెత్తుతో మరుగుదొడ్డికి కూడా వెళ్లవచ్చని అదే గ్రంథం 62ఎలో ఉంది.

↳ మరి కెతెఫ్ హిన్నోమ్ మాటేమిటి మాస్టారూ? యెరూషలేములోని ఆ చోట 1979లో గాబ్రియేల్ బార్కాయ్ బృందం తవ్వి తీసిన రెండు బుల్లి వెండి చుట్టలు. మన బైబిల్ చదివేవారికి నోటికొచ్చిన "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక" (సంఖ్యా 6:24) వాటి మీదే ఉంది, నామంతో సహా. చిన్నది విప్పితే 4 సెంటీమీటర్లు కూడా లేదు.

↳ అవి తల్మూద్‌కు వెయ్యేళ్ల ముందువి. జనం ఆనాడూ చెక్కించుకున్నారు, ఈనాడూ చెక్కించుకుంటున్నారు. నా మటుకు, పెళ్లి ఉంగరం మీద పరమగీతము 6:3 ("నేను నా ప్రియునిదానను") తేలిక వ్యవహారం, అందులో దేవుని నామం లేదు. తోరా చుట్టలు రాసే చతురస్రపు హీబ్రూ లిపి (అష్షూరి) కాకుండా వేరే లిపిలో చెక్కితే సడలించే పండితులూ ఉన్నారు. ‘షద్దాయ్’ (సర్వశక్తుడు) అన్న లాకెట్ అలా కాదు, ఆ మాట చెరపకూడని ఏడు దేవుని నామాల్లో ఒకటి.

↳ ఆ లాకెట్ పాతబడితే కరిగించుకోవచ్చా?

↳ ఉన్నపళంగా కరిగిస్తే కొరడా దెబ్బలే అన్నాడు మధ్యయుగపు యూదు పండితుడు మైమోనిదిస్ (యెసొదే హ తోరా 6:6). నామం ఉన్నంత మేర కోసి గెనిజాలో (పాతబడిన పవిత్ర రాతలు దాచేచోట) దాచాలి, మిగతాది కరిగించుకోవచ్చు. తూకంలో ఆ ముక్క పోతుంది, అంతే.