ఆన్‌లైన్ బోటనీ క్లాసులో పిల్లల చేత బ్లాగు రాయించడం ఎలా?

ప్రశ్న: నమస్కారం. డిగ్రీ రెండో ఏడాదికి బోటనీ ఆన్‌లైన్‌లో చెబుతున్నాను. అసైన్‌మెంట్ ఇస్తే అందరి దగ్గరా ఒకటే పేరా, నెట్‌లోంచి దించినది. ఈసారి తలా ఒక బ్లాగు పెట్టించి రాయిద్దామనుకుంటున్నాను. అరవై మంది ఉన్నారు. చాలామందికి ఫోనే ఆధారం, డేటా అంతంతమాత్రం. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: మేడమ్, తలా ఒకటి వద్దండి. అరవై చోట్లకు వెళ్లి చదవడం మీవల్ల కాదు, పిల్లలూ ఒకరిది ఒకరు చూడరు. గూగుల్ వారి ఉచిత బ్లాగు సేవ బ్లాగర్‌లో క్లాసుకంతా కలిపి ఒకటే తెరవండి. వంద మంది దాకా రచయితలుగా చేరవచ్చు.

కాపీ జబ్బు మాత్రం బ్లాగుతో పోదు. మీరు అడిగే ప్రశ్న మారాలి. "కిరణజన్య సంయోగక్రియ గురించి రాయండి" అంటే ఎక్కడ రాయించినా దించేస్తారు. "మీ వీధిలో గోడవారన మొలిచిన ఒక మొక్క పేరు చెప్పండి, అదేనని ఎలా అంటున్నారో రాయండి" అనండి. ఐనాచురలిస్ట్ యాప్ ఇందుకు బాగా పనికొస్తుంది. మొక్క మొత్తం ఒకటి, ఆకుల అమరిక ఒకటి, పువ్వు దగ్గర నుంచి ఒకటి ఫొటోలు తీసి పెడితే యాప్ కొన్ని పేర్లు చూపిస్తుంది. ఆ తర్వాత మొక్కలు తెలిసినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో చూసి ఔననో కాదనో చెబుతారు. యాప్ చూపిన మొదటి పేరు నొక్కేసి ఊరుకోనివ్వకండి. ఉత్తరేణి అంటే ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, కంకి మీది కాయలు కిందికి వంగి బట్టలకు అంటుకుంటున్నాయా అన్నది తమ ఫొటోలోనే చూపించి బ్లాగులో రాయాలి. మొదట ఒక పేరు పెట్టి, ఎవరో కాదన్నాక ఎందుకు మార్చుకున్నారో వివరించిన పిల్లలకు ఎక్కువ మార్కులు వేయండి. నేర్చుకోవడం జరిగేది అక్కడే.

డేటా గురించి టెన్షన్ వద్దు. నెట్ లేకున్నా ఫొటోలు యాప్‌లో ఉంచుకుని, సిగ్నల్ ఉన్నచోట ఎక్కించవచ్చు.

ప్రశ్న: చాలా థ్యాంక్స్ సార్. కొందరు కుండీలో మందారమే పెడతామంటున్నారు. పైగా ఆడపిల్లల ఇంటి లొకేషన్ బయటపడుతుందేమోనని భయం.

జవాబు: కుండీ మొక్క పెట్టవచ్చు, కానీ పెంచినదని తప్పక గుర్తు పెట్టాలి. అలాంటివాటికి రీసెర్చ్ గ్రేడ్ (పేరు సరైనదేనని ఇతరులూ ఒప్పుకున్నాక యాప్‌లో వచ్చే హోదా) రాదు, కాబట్టి దానంతట అది మొలిచినదే మేలు. లొకేషన్ విషయంలో మీ భయం సరైనదే. మొక్క నమోదు చేసేటప్పుడే యాప్‌లో జియోప్రైవసీ అనే సెట్టింగులో 'అబ్‌స్క్యూర్డ్' ఎంచుకుంటే కచ్చితమైన చోటు బయటివాళ్లకు కనిపించదు. యూజర్‌నేమ్‌లో అసలు పేరు, రోల్ నంబరు వద్దని ముందే చెప్పండి. బ్లాగును మొదట మీ క్లాసు వాళ్లకే కనిపించేలా సెట్టింగుల్లో మార్చి, పిల్లలు సరే అన్నాకే అందరికీ తెరవండి.

మరొకరి జవాబు: మేడమ్, ఒక జాగ్రత్త. వయ్యారిభామను ఉత్తచేతులతో పట్టుకోవద్దని, జిల్లేడు పాలు కంట్లో పడనివ్వొద్దని అసైన్‌మెంట్ పైనే రాసి ఇవ్వండి. రోడ్డు పక్కన పిల్లలకు ముందుగా కనబడేవి ఆ రెండే.