ఇసుకరాతిలో ట్రైగోనియా అచ్చులు: ప్రజాతి తేల్చడం ఎలా?

రాతిపొర (హైదరాబాద్): ద్వారకా తిరుమల వైపు 'తిరుపతి ఇసుకరాయి' అనే పొరలోని ఆల్చిప్ప గుర్తులు నా దగ్గరున్నాయి. చిప్ప కరిగిపోయి గుంటలే మిగిలాయి. పైగీతలు ట్రైగోనియా అనే పాతకాలపు సముద్రపు ఆల్చిప్పలా ఉన్నాయి. అంతమాత్రాన పేరు పెట్టేయొచ్చా?

కీలుపళ్ళు: వద్దండి, ముందు రెండు చిప్పలూ కలిసే కీలు చూడాలి. లోపలి అచ్చులో పళ్ళున్న చోట గుంటలు ఉంటాయి. రబ్బరు పాలు కుంచెతో పల్చగా పూసి, తెలుపు పోయి పారదర్శకంగా అయ్యాకే రెండో పూత వేయండి. అలా 4-5 పూతలు, మధ్యలో గాజుగుడ్డ (కట్టు కట్టే పల్చని గుడ్డ). ఒకేసారి మందంగా పోస్తే పైన పొరకట్టి లోపల పచ్చిగా ఉంటుంది, తీసేటప్పుడు సరిగ్గా పళ్ళ దగ్గరే చిరుగుతుంది. రబ్బరు ఆరాక కుంచించుకుపోతుంది, కొలతలు రాతి మీదే తీసుకోండి.

ఎడమ చిప్పలో నడుమ చీలిన పెద్ద పన్ను, కుడిదాంట్లో విడివడే రెండు పళ్ళు, వాటి పక్కలకు సన్నని గాడులు ఉంటే ట్రైగోనియా కుటుంబమే.

తీరరేఖ: ఒక హెచ్చరిక. చాలా ఆల్చిప్పల్లో ముక్కు (కీలు దగ్గరి మొన) ముందుకు వంగుతుంది, ట్రైగోనియాల్లో వెనక్కి. మామూలు సూత్రం పట్టుకుంటే కుడి ఎడమలు తారుమారవుతాయి. గట్టుతో వేరుపడిన, అలంకరణ మారే భాగమే వెనకవైపు అని గుర్తుపెట్టుకోండి.

రాతిపొర: రాయి పొడిలా రాలుతోంది. వెనిగర్‌తో శుభ్రం చేయొచ్చా?

కీలుపళ్ళు: అస్సలు వద్దు, ఇసుక రేణువులను పట్టి ఉంచేది సున్నమైతే రాయే విడిపోతుంది. రాయిని గట్టిపరిచే పారాలాయిడ్ బి-72 జిగురుని అసిటోన్‌లో 3-5 శాతంగా కలిపి చుక్కలుగా ఇంకించండి. హైదరాబాద్ ఎండల్లో అసిటోన్ ఇట్టే ఎగిరిపోయి జిగురు పైనే మెరుపులా పేరుకుంటుంది. తెల్లవారుజామున, పల్చని ద్రావణంతో మొదలుపెట్టండి. ఫోటోకి రబ్బరు అచ్చు మీద నవసాగరం (అమ్మోనియం క్లోరైడ్) పొగ పట్టించి, ఎడమ పైమూల నుంచి వెలుతురు ఇవ్వండి. పొగ పీల్చకండి.

తీరరేఖ: పేరు తప్పితే ఏ జీవి ఏయే తీరాల్లో బతికిందో చూపే పటమూ తప్పుతుంది. కచ్ జురాసిక్ రాళ్ళలో ఇండోట్రైగోనియా స్మీయీ అనే జాతి ఉంది. టాంజానియాలోని టెండగురులోనూ అదే అనుకుని ఆ పొరకు 'ట్రైగోనియా స్మీయీ' పేరే పెట్టారు. తర్వాత అది ఇండోట్రైగోనియా ఆఫ్రికానా అని తేలింది. రెండు తీరాల చుట్టరికం ప్రజాతి స్థాయిలో నిలిచింది, ఒకే జాతి అన్న మాట నిలవలేదు. మధ్యజీవ మహాయుగంలో దాదాపు ప్రపంచమంతా ఉన్న ఈ కుటుంబంలో ఇప్పుడు బతికున్నది ఆస్ట్రేలియా తీరాల్లోని నియోట్రైగోనియా ఒక్కటే.

ఇంకోటి: చిప్పల్లోని సున్నపు ఖనిజం రెండు రకాలు. ట్రైగోనియా చిప్ప అరగొనైట్, నీటికి త్వరగా కరుగుతుంది. ఆయిస్టర్‌ది ప్రధానంగా కాల్సైట్, నిలుస్తుంది. చిప్పలు మాత్రమే లెక్కిస్తే ఆయిస్టర్లే ఎక్కువ బతికినట్టు కనిపిస్తుంది. గుంటలనూ లెక్కించండి. హైదరాబాద్ కింద గ్రానైటే కాబట్టి ఇక్కడ అమ్మకానికొచ్చే సముద్ర శిలాజం ఏదైనా బయటిదే. ఏ ఊరు, ఏ పొర అన్న చీటీ లేకపోతే దాన్ని పటంలో పెట్టకండి.