లీ-మాలరీ మరణం: ఆ రోజు విమానం బయలుదేరవలసిందేనా?

ప్రశ్న:
బ్రిటిష్ వైమానిక దళానికి చెందిన ఎయిర్ చీఫ్ మార్షల్ ట్రాఫర్డ్ లీ-మాలరీ గురించి చదువుతున్నాను. నార్మండీ దాడికి కేటాయించిన మిత్రరాజ్యాల వైమానిక బలగాన్ని నడిపిన ఈయన, ఆగ్నేయాసియా వైమానిక సేనాధిపతిగా బాధ్యతలు చేపట్టడానికి వస్తూ, 1944 నవంబరు 14న ఫ్రాన్సులోని ఆల్ప్స్ పర్వతాల్లో విమానం కూలి మరణించారు. అంతటి అనుభవజ్ఞుడు అంత చెడ్డ వాతావరణంలో ఎందుకు బయలుదేరారు?

సమాధానం:
జవాబు కొంతవరకు ఆయన స్వభావంలోనే ఉన్నదని నా అభిప్రాయం. 1915లో బెల్జియంలోని ఈప్ర యుద్ధంలో పదాతి దళ అధికారిగా గాయపడి, మరుసటి ఏడాది అప్పటి బ్రిటిష్ సైన్యపు విమాన విభాగమైన రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరిన ఆయనకు మొదట పేరు తెచ్చినది గగనతల పోరాటం కాదు, నేల మీది సేనకు విమానాలతో అండగా నిలవడం. అయినప్పటికీ 1937లో మధ్య ఇంగ్లండును కాపాడే యుద్ధ విమానాల దళం, 12వ ఫైటర్ గ్రూపును ఆయనకు అప్పగించారు.

1940లో, బ్రిటన్ మీద జర్మన్ విమాన దాడులు సాగుతున్నప్పుడు, ఆగ్నేయ ఇంగ్లండును కాపాడే 11వ గ్రూపు అధిపతి కీత్ పార్క్‌తో తగవు వచ్చింది. జర్మన్ విమానాలు తీరం దాటాక మిగిలేవి కొద్ది నిమిషాలే కనుక, పార్క్ ఒకటి రెండు స్క్వాడ్రన్లను (పన్నెండేసి విమానాల దళాలను) వెంటవెంటనే పైకి పంపేవారు. లీ-మాలరీ మాత్రం, తన గ్రూపులోని పైలట్ డగ్లస్ బేడర్ వాదనను సమర్థిస్తూ, 12వ గ్రూపు స్థావరమైన డక్స్‌ఫర్డ్ నుంచి మూడు మొదలు ఐదు స్క్వాడ్రన్లను ఒక్క దండుగా కూర్చి పంపాలనేవారు; ఆ దండు కూడుకునేసరికే దక్షిణాన పార్క్ విమాన స్థావరాల మీద బాంబులు పడిపోయిన సందర్భాలున్నాయి. డిసెంబరులో పార్క్‌ను తప్పించి 11వ గ్రూపును లీ-మాలరీకే ఇచ్చారు. నా దృష్టిలో అది అన్యాయం.

ఇక చివరి ప్రయాణం: లండన్ సమీపంలోని నార్తోల్ట్‌లో ఆవ్రో యార్క్ విమానం ఎక్కినవారు, ఆయన భార్య డోరిస్‌తో సహా, పదిమంది, ఒక్కరూ బతకలేదు. విచారణ సంఘం వాతావరణాన్నే కారణంగా తేల్చినా, బయలుదేరాలన్న ఆయన పట్టుదలకు సిబ్బంది తలొగ్గి ఉండవచ్చునని కూడా భావించింది.

మరొక సమాధానం:
పై మిత్రులు చెప్పినది నిజమే గాని, ఆయన మొండివాడు మాత్రమే కాదు. 1944 మే నెలాఖరున, అమెరికన్ 82, 101వ డివిజన్ల పారాట్రూపర్లను నార్మండీలోని కోటెంటిన్ ద్వీపకల్పంలో దించితే ఘోరమైన నష్టం తప్పదని దాడికి సర్వసేనాని అయిన ఐసెన్‌హోవర్‌ను స్వయంగా కలిసి హెచ్చరించారు. ఐసెన్‌హోవర్ వినలేదు. దాడి రోజైన జూన్ 6న ఎనిమిది వందలకు పైగా రవాణా విమానాలు వెళ్తే, కూలినవి సుమారు ఇరవై. తన అంచనా తప్పిందని, అప్పటికే ఉన్న భారాన్ని మరింత పెంచానని ఒప్పుకుంటూ ఐసెన్‌హోవర్‌కు ఉత్తరం రాసినది లీ-మాలరీయే. ఆ హోదాలో ఉండి తప్పు ఒప్పుకున్నవారు ఎంతమంది?

ఆయన అన్న జార్జ్ మాలరీ 1924లో ఎవరెస్టు మీద కనుమరుగయ్యారు. తమ్ముడి విమానాన్ని కూడా మంచే కప్పేసింది. 1945 జూన్‌లో ఒక గ్రామస్థుడి కంట పడేదాకా దాని జాడ తెలియలేదు. ఆ కొండల్లోనే, లె రివియే దాల్మోన్ అనే చిన్న ఊరి శ్మశానంలో వారిని ఖననం చేశారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి ఆగ్నేయాసియా పదవిలోకి ఎవరు వచ్చారు?

సమాధానం:
కీత్ పార్క్. 1945 ఫిబ్రవరిలో బాధ్యతలు స్వీకరించి, రంగూన్ చేజిక్కేదాకా బర్మాలో బ్రిటిష్ పద్నాలుగవ సైన్యానికి విమానాల ద్వారా సరఫరాలు అందేలా చూసినది ఆయనే.